కుడి చేతికి సింకు

పిచ్చుక కళ్లకు తువ్వాలు కట్టుకుని ఉల్లిపాయ కోస్తోంది.

చేతిలో ఉల్లిపాయ లేదు. కత్తి లేదు. కోయడానికి గట్టు కూడా లేదు. ఊడబెరికిన అరల ఆనవాళ్లు మాత్రమే మిగిలిన ఖాళీ గదిలో, నేల మీద గీసిన సుద్దగీతల మధ్య నిలబడి, గాలిని కోస్తోంది.

కోసిన ముక్కల్ని లేని గిన్నెలోకి తోసింది. గిన్నెను చేతిలోకి ఎత్తలేదు. లేని గట్టు మీదే మెల్లగా జరుపుకుంటూ, మూల తిరిగి, కిటికీ గోడ దాటి, రెండో మూల తిరిగి ఆగింది. చెయ్యి చాచి, లేని మూకుట్లో ముక్కల్ని ఒంపింది. అప్పుడు తువ్వాలు పైకెత్తి చూసుకుంది.

మునివేళ్లు పొయ్యి గీత దాటి లోపలికి వెళ్లి ఉన్నాయి. నిజం పొయ్యి అయితే ఈపాటికి మంటలో ఉండేవి.

ఆమె గుమ్మం దగ్గరికి తిరిగి వెళ్లింది. తువ్వాలు కిందికి లాక్కుంది. మళ్లీ మొదలుపెట్టింది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. పిచ్చుక, ఆమె భర్త, భర్త అక్క. పిచ్చుక అన్నది అసలు పేరు కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో వంటగదిలో ఆమె గెంతులు చూసి ఆడబిడ్డ పెట్టిన ముద్దుపేరు. ఆ తర్వాత ఒళ్లు బరువెక్కింది గానీ పేరు మాత్రం ఎగిరిపోలేదు. భర్త వీధి గదిలో కూచుని రబ్బరు స్టాంపులు చెక్కుతాడు. చుట్టుపక్కల ఏ ఆఫీసు కాగితం మీద గుండ్రటి ముద్ర పడినా అది ఆయన చేతిపనే. నోట్లోంచి మాట రావాలంటే దాన్నీ చెక్కి బయటికి తీయాలేమో అన్నంత నెమ్మది మనిషి.

ఆడబిడ్డ అందుకు సరిగ్గా వ్యతిరేకం. తమ్ముడి వాటా మాటలు కూడా ఆవిడే మాట్లాడేస్తుంది.

వాళ్లిద్దరికీ తెలియని సంగతి ఒకటుంది. పిచ్చుకకు చూపు పోతోంది.

కంటి డాక్టరు ఆమెను చీకటి గదిలో కూచోబెట్టి చాలాసేపు పరీక్ష చేసింది. చూపు అంచుల నుంచి మూసుకువస్తోందని చెప్పింది. సంచి మూతికి తాడు బిగించినట్టు. చివరికి గుండీ కన్నమంత మిగులుతుంది. అదైనా నిలుస్తుందన్న భరోసా లేదు, మందూ లేదు. ఇంకా ఎంతకాలం అని పిచ్చుక అడిగితే డాక్టరు పెన్ను పక్కన పెట్టింది.

"చెప్పలేనమ్మా. చేయదలచుకున్న పనులుంటే మాత్రం వాయిదా వెయ్యకండి."

మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అని ఆవిడ అడిగింది. అమ్మకు ఉండేదని పిచ్చుక చెప్పింది. దాని తర్వాత డాక్టరు చెప్పిందేదీ ఆమె చెవికెక్కలేదు.

అమ్మకు కళ్లు కనబడడం లేదని తెలిసిన రోజే అన్నయ్యలు ఆవిడను పొయ్యి దగ్గర నుంచి లేపేశారు. ప్రేమతోనే లేపారు. కిటికీ పక్కన కుర్చీ వేశారు. వేళకు కంచం చేతికిచ్చారు. వందమందికి ఒంటిచేత్తో వండి వార్చిన మనిషి, కంచంలో ఏముందో వాసన చూసి కనుక్కోవాల్సి వచ్చింది. మొదట్లో అది బాగాలేదు ఇది బాగాలేదు అని వంకలు పెట్టేది. తర్వాత వంకలు మానేసింది. తర్వాత మాటలే మానేసింది. ఊపిరి ఆ తర్వాతెప్పుడో ఆగింది గానీ, మనిషి పోయింది అంతకు చాలా ముందే.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన పిచ్చుక చెప్పులు విడవకుండానే ఒక మాట ప్రకటించింది. వంటగది మార్చాలి.

ఇంట్లో వాళ్లకు కారణం చూపించడం కష్టం కాలేదు. అంతకుముందే ఆమె చీర కొంగు అంటుకుంది. పాత పొయ్యి కిటికీ కింద ఉండేది. దాని పైన అర. అరలో డబ్బా అందుకోవాలంటే చెయ్యి మంట మీదుగా పోవాలి. ఆ రోజు కొంగు మంటలో పడడం ఆమెకు కనిపించనే లేదు. వాసన వచ్చాక తెలిసింది. గాలికి అంటుకుందని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చింది.

ఆమె లెక్క ఒక్కటే. ముందు చేసి చూపించాలి, ఆ తర్వాత చెప్పాలి. కొత్త వంటగదిలో కళ్లు మూసుకుని వండి, వడ్డించి, వాళ్లు తిన్నాక, అప్పుడు నోరు విప్పాలి. ముందే చెబితే చేయనివ్వరు. వద్దు వద్దు అంటూ ప్రేమగా కుర్చీలో కూచోబెడతారు.

కాబట్టి ఆ గది పూర్తయ్యేలోపు ఎవరికీ తెలియకూడదు. చూపు అంతవరకు ఆగాలి.

*

ప్లాను మొత్తం ఆమె తలలోనే ఉంది. గుమ్మం దాటగానే కుడి చేతికి సింకు. సింకు పక్కన కోసే చోటు. మూల తిరిగితే కిటికీ కింద గిన్నెలు దించుకునే గట్టు. ఇంకో మూల తిరిగితే ఎడమ గోడకు పొయ్యి. పొయ్యి సరిగ్గా సింకుకు ఎదురుగా రావాలి, దాని గట్టు కింద సరుకుల సొరుగులు. గట్టు ఎక్కడా తెగకూడదు. వేడి గిన్నె చేతిలో పట్టుకుని గది మధ్యలో నడవకూడదు, జరుపుకుంటూ పోవాలి. అన్నిటికంటే పెద్ద నియమం మాత్రం ఒకటే. లోపలికి రాగానే కుడి చెయ్యి చాస్తే నీళ్లు తగలాలి. నిప్పు ఎప్పుడూ ఎడమ పక్క.

మేస్త్రికి ఇది నచ్చలేదు. నీళ్ల గొట్టం ఎడమ గోడలో ఉంది. దాన్ని గది చుట్టూ తిప్పి కుడి గోడకు తేవాలంటే నేలంతా తవ్వాలి.

"నీళ్లున్న చోటికి మనం పోవాలమ్మా. నీళ్లనే మన దగ్గరికి రమ్మంటే ఎలా?"

వెలుతురు కుడివైపు బాగుంటుందని పిచ్చుక అబద్ధం చెప్పింది. ఆమెకు వెలుతురుతో పని తీరిపోతోందని మేస్త్రికి ఏం తెలుసు? సణుక్కుంటూ తల ఊపాడు.

ఆడబిడ్డతో యుద్ధం ఇంకోరకం. ఆవిడ షోరూముకు వెళ్లి రంగుల పుస్తకం తెచ్చింది. అద్దంలా మెరిసే తెల్ల తలుపులు, వేలు తగిలితే వెలిగే గాజు పొయ్యి, పాలిష్ పట్టిన టైల్స్, పైన గోడంతా అరలు, వాటి మధ్యన ఏనుగంత చిమ్నీ. పిచ్చుకకు ఆ మెరుపే శత్రువు. నిగనిగలాడే దేని మీద వెలుగు పడినా మిగిలిన కాస్త చూపూ పాలు కలిపినట్టు తెల్లబడిపోతుంది. గాజు పొయ్యి మీద వేలికి తగిలే గుర్తు ఒక్కటీ ఉండదు. పైన తలుపులు తెరిచి మరిచిపోతే నుదురు పగులుతుంది.

ఇవేవీ నోటితో చెప్పకూడదు. ఒక్కోదానికి ఒక్కో అబద్ధం తయారుచేసుకుంది. గాజు పొయ్యి వద్దు, కరెంటు పోతే గుడ్లప్పగించి చూడాలి. తిప్పితే టక్కుమనే మీటలున్న పొయ్యే కావాలి. మెరిసే తలుపులు వద్దు, వేలిముద్రలు తుడవలేక చస్తాం. గట్టుకు మెరుపులేని నల్లరాయి వేయించాలి, తెల్ల గిన్నె పెడితే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గట్టు అంచు కాస్త పైకి లేచి ఉండాలి, నీళ్లు కారవు. పైన అరలు వద్దు, కింద సొరుగులు చాలు, నెత్తి మీద బరువులంటే నాకు భయం.

ఆడబిడ్డ చాలాసేపు నోరు తెరుచుకుని విని, రంగుల పుస్తకం మూసేసింది.

"కొత్త వంటగదంటావు. నల్లరాయంటావు, మట్టిరంగంటావు. పెళ్లికి పిలిచి పరామర్శ చేసినట్టుందే నీ వ్యవహారం."

చిమ్నీ మాత్రం ఉంచుదామని పట్టుబట్టింది. అంత పెద్దది మనకెందుకు వదినా అని పిచ్చుక అంటే, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎవరో ఒకరు వెయ్యాలి కదా అని నవ్వింది. పిచ్చుక కూడా నవ్వింది. చిమ్నీ ఒప్పుకుంది. ఒకటి ఓడితేనే మిగతావి గెలవగలదు.

నేల దగ్గర మళ్లీ బిగుసుకుంది. గదంతా నున్నటి టైల్స్ వేసినా సరే, పొయ్యి ముందర మాత్రం గరుకు రాయి పట్టీ పరవాలంది. చెప్పుల్లేని పాదం దాని మీద పడగానే, నిప్పు ముందు నిలబడ్డానని తెలియాలి. పైకి చెప్పింది వేరు. నూనె చిందితే జారి పడతాను, నడుం విరిగితే చాకిరీ మీదే అంది.

ఆడబిడ్డ వెంటనే మేస్త్రిని పిలిచి, గరుకు రాయి ఇంకాస్త వెడల్పు వెయ్యమని చెప్పింది.

*

పని మొదలవుతుందనగా చిక్కు వచ్చింది. మేస్త్రి ఒకటి గుర్తుపెట్టుకున్నాడు, వడ్రంగి ఒకటి, ప్లంబరు ఇంకొకటి. నేల తవ్వగానే సుద్దగీతలు పోతాయి. పిచ్చుక తన ప్లానును ఒక కాగితం మీద గీసి భర్త చేతిలో పెట్టింది. అందరికీ తలా ఒకటి ఉండేలా చూడమంది.

ఆయన పద్ధతి ఆయనది. దేనికైనా నాలుగు ప్రతులు కావాలంటే చెక్కడమే తెలుసు. ఒక మధ్యాహ్నం వీధి గది తలుపు దగ్గరికి వేసుకుని, పెద్ద రబ్బరు పలక మీద ప్లానంతా చెక్కి, సిరా పూసి, కాగితాల మీద అద్దాడు. సింకు, గట్టు, పొయ్యి అని అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. మేస్త్రి ఆ కాగితం చూసి సంతోషించాడట. ఆ సంతోషం ఎందుకో అప్పుడు ఎవరూ అడగలేదు.

పిచ్చుకకు ఆ కాగితం చూసే వీలు దొరకలేదు. ఆ సాయంత్రమే ఆయన ఆమెను చెల్లెలి ఇంటికి వెళ్లమన్నాడు.

"సిమెంటు దుమ్ము. నీకు పడదు."

దుమ్ము ఎవరికి మాత్రం పడుతుంది, నేను లేకపోతే పని ఎవరు చూస్తారు అని ఆమె మొండికేసింది. ఆయన ఆమె బట్టలు తనే సర్దడం మొదలుపెట్టాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన సంచి సర్దడం ఆమె చూడలేదు. ఇంత ప్రేమ ఎక్కణ్నుంచి పుట్టుకొచ్చిందో అనుకుంది. అంతకుమించి అనుకోలేదు.

చెల్లెలి ఇంట్లో రోజులు భారంగా నడిచాయి. మేడ మీద సుద్దతో మళ్లీ ప్లాను గీసుకుంది. చెల్లెలు పనికి వెళ్లగానే తువ్వాలు కట్టుకుని మేడెక్కేది. కుడి చెయ్యి, నీళ్లు. రెండడుగులు, కత్తి. మూల. కిటికీ. మూల. నిప్పు. రాను రాను గీతలు చూసుకోవలసిన పని లేకపోయింది. కాళ్లు వాటంతట అవే ఆగేవి. చేతులు వాటంతట అవే చాచుకునేవి.

చూపు మాత్రం ఆగలేదు. ఒకరోజు అన్నం తింటూ పక్కనున్న నీళ్ల గ్లాసును మోచేత్తో పడేసింది. గ్లాసు కంచం పక్కనే ఉంది. ఆమెకు కంచం మధ్యలో ఉన్న ముద్ద తప్ప ఏదీ కనిపించడం లేదు. కంచం అంచు కూడా కనిపించడం లేదు.

ఆ రోజు నుంచి ఇంటికి ఫోను చేసి, పని ఎంతదాకా వచ్చింది అని అడగని పూట లేదు. ఆడబిడ్డ విసుక్కునేది. రాయి పడింది, సొరుగులు బిగించారు, చిమ్నీ పెట్టారు, నువ్వు చెప్పినట్టే శ్మశానంలా చక్కగా ఉంది, ఇక పెట్టెయ్ అనేది.

*

ఆమె తిరిగి వచ్చేసరికి ఆడబిడ్డ గుమ్మంలోనే కాపు కాసి ఉంది. లోపల నుంచి టీ వాసన వస్తోంది. మేస్త్రి, వడ్రంగి పని ముగించుకుని, టీ తాగి వెళ్దామని కూచున్నారు. కొత్త పొయ్యి మీద మొదటి టీ.

"ఆగు, ఆగు. కళ్లు మూసుకో. నేను చెప్పేదాకా తెరవకు."

పిచ్చుక సంచి గుమ్మం పక్కన దించింది. తను చేసి చూపించాలనుకున్నదే వదిన అడిగింది. కళ్లు గట్టిగా మూసుకుంది. వదిన చెయ్యి పట్టుకోబోతే అక్కర్లేదంది.

వసారా దాటింది. హాలు దాటింది. వంటగది గడప పాదానికి తగిలింది. అక్కడ ఒక్క క్షణం నిలబడి, నిటారుగా లోపలికి అడుగేసింది. దేన్నీ తడుముకోలేదు. వడ్రంగి మేస్త్రితో ఏదో మెచ్చుకోలుగా అనడం వినిపించింది. ప్రయాణం దుమ్ము కడుక్కుందామని, తన ఇంటికి తాను వచ్చిన మనిషి చాచినట్టు, ధీమాగా కుడి చెయ్యి చాచింది.

పాదం కింద గరుకు తగిలేలోపే చెయ్యి వెళ్లి మరుగుతున్న టీ గిన్నె మీద పడింది.

ఆమె అరవలేదు. ముందు అర్థం కాలేదు. నీళ్లెందుకు కాలుతున్నాయి అనుకుంది. తర్వాత గిన్నె దొర్లింది, టీ ముంజేతి మీదుగా పారింది, వదిన కేక వేసింది. భర్త పరుగెత్తుకొచ్చి ఆమెను ఎడమవైపు లాక్కెళ్లి కుళాయి కింద చెయ్యి పెట్టాడు.

ఎడమవైపు. కుళాయి.

పిచ్చుక కళ్లు తెరిచింది. గుండీ కన్నంలోంచి గదిని ముక్క ముక్కగా చూసింది. ఎడమ గోడకు సింకు. దాని పక్కన కోసే చోటు. కుడి గోడకు పొయ్యి, దాని ముందు గరుకు రాయి. అడిగినవన్నీ ఉన్నాయి. నల్లరాయి, అంచు, టక్కుమనే మీటలు. ఒక్కటీ తగ్గలేదు. గది మాత్రం చొక్కాను తిరగేసి తొడిగినట్టుంది.

"ఇది నా వంటగది కాదు," అంది.

మేస్త్రి కంగారుగా జేబులోంచి కాగితం తీశాడు. ఇందులో ఉన్నట్టే కట్టానన్నాడు. సింకు ఎడమకు వచ్చేసరికి అమ్మగారు మనసు మార్చుకున్నారు, గొట్టం తిప్పే బాధ తప్పింది అనుకున్నాడట. మళ్లీ కదిపితే మళ్లీ మారుస్తారేమోనని నోరెత్తలేదట. ఆడబిడ్డ కూడా అంతే. మేస్త్రి మాట విని దీనికి బుద్ధి వచ్చింది, పోనీలే అనుకుందట. భర్త, కాగితం ప్రకారమే ఉందా అని మాత్రం చూసుకున్నాడు.

భర్త ఆ కాగితం అందుకుని వెలుతురులోకి తీసుకెళ్లాడు. చాలాసేపు చూశాడు. దాన్ని వెనక్కి తిప్పి వెలుతురుకు అడ్డం పట్టాడు.

స్టాంపు మీద అక్షరాలు తిరగేసి చెక్కాలి. అది ఆయన చేతికి నిద్రలో కూడా తెలుసు. బొమ్మ అలా కాదు. ఎవరైనా బొమ్మ తెస్తే, కాగితాన్ని రబ్బరు మీద బోర్లా వేసి గీతలు దించాలి. అప్పుడే అచ్చులో సరిగ్గా పడుతుంది. ఆయన పిచ్చుక గీసిన కాగితాన్ని బోర్లా వెయ్యలేదు. గీతలు ఉన్నవి ఉన్నట్టు దిగాయి. అక్షరాలు మాత్రం చెయ్యి అలవాటు కొద్దీ తిరగేసి చెక్కింది. అందుకే అచ్చులో మాటలు తిన్నగా, గది తిరగబడి వచ్చాయి. మాటలు తిన్నగా ఉన్న కాగితాన్ని ఎవరు అనుమానిస్తారు?

మేస్త్రి ఊరడించాడు. ఇందులో లోపమేం లేదు, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది అన్నాడు. ఆడబిడ్డ ఆమె చేతికి మందు రాస్తూ అదే పాట పాడింది.

"కుడైతే ఏం, ఎడమైతే ఏం? ముద్ద నోట్లోకే కదా పోయేది."

పిచ్చుక తన చేతుల వంక చూసుకుంది. ఈ చేతులకు ఇన్నాళ్లూ నేర్పిందంతా వాటిలోనే ఉంది. ఇక కళ్లు మూసుకుంటే చాలు, అవి నేరుగా నిప్పులోకి వెళ్తాయి. నేర్చుకోకపోయినా ఇంతకంటే మేలుండేది.

"పగలగొట్టండి," అంది.

ఎవరికీ వినబడలేదేమో అనిపించింది. మళ్లీ అంది. రాయి పగలగొట్టండి, గొట్టం తవ్వండి, మొత్తం తీసేసి నేను చెప్పినట్టు కట్టండి. ఆడబిడ్డకు కోపం వచ్చింది. టీ ఒలికితే వంటగది కూల్చుకుంటారా, ఎవరైనా వింటే నవ్విపోతారని అరిచింది. మేస్త్రి నేల చూపులు చూశాడు. పిచ్చుక దగ్గర ఒక్క అబద్ధం కూడా మిగల్లేదు. వెతికింది. దొరకలేదు.

అప్పుడు భర్త మాట్లాడాడు.

"మేస్త్రీ, సుత్తి తియ్."

"ఒరేయ్, నీకు కూడా మతి పోయిందా?"

"అక్కా, దానికి చూపు పోతోంది."

 పిచ్చుక ఆయన గొంతు వచ్చిన వైపు తల తిప్పింది.

"మీకెవరు చెప్పారు?"

ఆయన ఒక్కో మాటా తీసి పెట్టాడు. కంటి ఆస్పత్రికి కొత్త ముద్ర కావాలని వాళ్ల మనిషి వచ్చాడు. మీ ఆవిడ మళ్లీ చూపించుకోవడానికి రాలేదేం అని అడిగాడు. డాక్టరమ్మ కనుక్కోమంది అన్నాడు. ఈయన తెలిసినట్టే తల ఊపి, మిగతాది వాడి నోటి నుంచే లాగాడు.

"వాడు అటు వెళ్లాడు. నేనిటు కూచుని నీ ప్లాను చెక్కాను. చెయ్యి నా మాట వినలేదు."

"నాతో అనొచ్చు కదా."

"నువ్వు చెబుతావని చూశాను."

ఆడబిడ్డ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. మెరిసే తలుపులు, గాజు పొయ్యి, గరుకు రాయి, అన్నీ ఒక్కొక్కటే ఆవిడకు అర్థమవుతున్నట్టున్నాయి. కొంగుతో ముఖం తుడుచుకుంది. వచ్చి పిచ్చుక తల తన భుజానికి అదుముకుంది. ఆ గొంతులో అంత మెత్తదనం ఉంటుందని ఎవరూ అనుకోరు.

"పిచ్చిదానా. ఇక నువ్వీ గడప తొక్కొద్దు. నేనున్నాను. కడుపులో పెట్టుకుని చూసుకుంటాను. కూచోబెట్టి నోటికి అందిస్తాను."

 అన్నయ్యలు అమ్మతో అన్న మాటలకూ వీటికీ తేడా లేదు. ఆ మెత్తదనం కూడా అదే.

అవతల మేస్త్రి సుత్తి అందుకున్నాడు. ఆమె వేగంగా ఆలోచించింది. రాయి పగలాలి. కొత్త రాయి కోయించాలి. నేల తవ్వాలి, ఆరాలి, మళ్లీ బిగించాలి. అన్నాళ్లూ వసారాలో వదిన వండుతుంది. అన్నాళ్లకు ఈ గుండీ కన్నం ఉంటుందో లేదో. గది సరిగ్గా తయారయ్యే రోజుకు, గదిలోకి రానిచ్చేవాళ్లు ఉండరు.

"ఆగు మేస్త్రీ. వద్దు. ఇలాగే ఉండనీ."

ఆ తర్వాత ఆమె చేసింది ఎవరూ ఊహించలేదు. కాస్త బయట నిలబడండి, ఒక్క సంగతి చూసుకోవాలి అంటూ మేస్త్రిని, వడ్రంగిని, భర్తను సాగనంపింది. వదిన కదలకపోతే రెండు భుజాలూ పట్టుకుని గడప దాటించింది. తలుపు మూసి గడియ పెట్టింది.

తలుపు దడదడలాడింది. గ్యాస్ ఉంది, కత్తులున్నాయి, చెయ్యి కాలి ఉంది, తలుపు తియ్యమని ఆడబిడ్డ తిట్టింది, బతిమాలింది, మళ్లీ తిట్టింది. తలుపు విరగ్గొట్టమని తమ్ముణ్ని తొందరపెట్టింది. ఆయన విరగ్గొట్టలేదు. అలాగని అక్కడి నుంచి కదలనూ లేదు. ఆయన ఊపిరి తలుపు సందులోంచి పిచ్చుకకు వినబడుతూనే ఉంది.

ఆమె గుమ్మానికి వీపు ఆనించి, కళ్లు మూసుకుంది.

ఎడమ చెయ్యి, నీళ్లు. కానీ ముందు కదిలింది కుడి చెయ్యే. వెనక్కి లాక్కుని మళ్లీ గుమ్మానికి ఆనుకుంది. మళ్లీ కుడి చెయ్యే కదిలింది. కాలిన చెయ్యి, బుద్ధి లేని చెయ్యి. మూడోసారి దాన్ని నడుం వెనక్కి మడిచి కొంగుతో బిగించింది. ఎడమ చెయ్యి నెమ్మదిగా, భయం భయంగా వెళ్లి కుళాయిని తాకింది.

బంగాళాదుంపలు సొరుగులో దొరికాయి. సొరుగు తనకు తెలిసిన వైపు లేదు. మోకాలికి తగిలాక దొరికింది. కోయడానికి కుడి చెయ్యి విప్పక తప్పలేదు. కోసింది. మూల తిరగబోయి గోడకు భుజం కొట్టుకుంది. గిన్నె జరుపుతూ జరుపుతూ కిటికీ గట్టు మీద దారి తప్పి, పొయ్యి వచ్చేసిందనుకుని ముక్కలన్నీ గట్టు మీదే ఒంపింది. ఏరుకుంది. కొన్ని నేల మీదికి దొర్లాయి. వాటి కోసం పాకుతుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పాకింది.

"ఏం చేస్తున్నావే?" తలుపు అవతల ఆడబిడ్డ గొంతు కిందనుంచి వచ్చింది. గడప దగ్గర కూలబడి ఉంటుంది.

"వండుతున్నాను."

"వేళ్లు?"

"ఉన్నాయి వదినా. లెక్క పెట్టుకుంటూనే ఉన్నాను."

అవతల నవ్వో ఏడుపో తెలియని చప్పుడు ఒకటి వచ్చింది. పిచ్చుక మీట తిప్పింది. టక్కుమంది. మంట ఊపిరి పోసుకున్న చప్పుడు విని, దాని వేడి అరచేతికి తగిలేదాకా చెయ్యి దించి, ఆపింది. మూకుడు పెట్టింది. వంకరగా పడింది. సరిచేసింది. వేలు చురుక్కుమంది. నూనె ఎంత పోసిందో ఆమెకే తెలియదు.

తలుపు తీసేసరికి ఇల్లంతా మాడు వాసన. మేస్త్రి, వడ్రంగి ఎప్పుడో వెళ్లిపోయారు. భర్త, ఆడబిడ్డ కంచాల ముందు కూచున్నారు. పిచ్చుక కూర గిన్నె తెచ్చి, ఒక చేత్తో కంచం అంచు పట్టుకుని చూసుకుంటూ వడ్డించింది. గది గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆయన తల ఎత్తకుండా తిన్నాడు. ఆడబిడ్డ నాలుగు ముద్దలు నమిలి ఆగింది.

"సగం మాడింది. సగం ఉడకలేదు. ఒక్క మూకుట్లో రెండూ ఎలా చేశావే?"

"రేపటికి ఒక్కటే చేస్తాను."

రేపు అన్న మాట పళ్లెంలో రాయిలా పడింది. పిచ్చుక గరిటె పట్టుకుని నిలబడింది. వదిన ముఖం కోసం గుండీ కన్నాన్ని అటూ ఇటూ తిప్పింది. ముందు చెవి దొరికింది, తర్వాత నెరిసిన పాపిడి. ముఖం దొరకలేదు.

"రేపు నేను కూడా లోపలే కూచుంటాను," అంది ఆడబిడ్డ చివరికి.

"కూచోండి. చెయ్యి మాత్రం పెట్టకండి."

"నువ్వు కాల్చుకుంటూ ఉంటే చూస్తూ కూచోనా?"

"చూస్తూనే కూచోండి. కాలాక మందు రాయండి."

 వదిన తల ఊపిందేమో, అడ్డంగా తిప్పిందేమో. పిచ్చుక కాసేపు ఎదురు చూసింది. ఆ తర్వాత, ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరినీ అడగని సంగతి అడిగింది.

"వదినా, నాకు కనబడడం లేదు. నోటితో చెప్పండి."

"సరేనే," అంది వదిన. "సరే."